ఎకనామిక్స్ మేజర్‌కి తోడు సముద్ర శాస్త్రం మైనర్ తీసుకోనా? గంజాం నుంచి ఒక ప్రశ్న

గోపాల్‌పూర్_గవ్వ
సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను ఒడిశాలోని బరంపురంలో డిగ్రీ చదువుతున్నాను. మొదటి ఏడాది అయింది, మేజర్ ఎకనామిక్స్. మా ఊరు గోపాల్‌పూర్ పక్కనే. బడిలో చదివింది ఒడియా మీడియం, ఇంట్లో మాట్లాడేది తెలుగు, కాబట్టి రాతలో తప్పులుంటే సర్దుకోండి.

మా కాలేజీలో ఈ ఏడాది నుంచి సముద్ర శాస్త్రం, సముద్ర విధానం కలిపి ఒక మైనర్ పెడుతున్నారు. నాలుగేళ్ళ డిగ్రీ చేస్తే మైనర్‌కి 32 క్రెడిట్లు, మూడేళ్ళకే ఆపేస్తే 24. సగం పేపర్లు సైన్సు. అలలు, ప్రవాహాలు, సముద్ర జీవులు, తీరం కోత. మిగతా సగం చట్టాలు, దేశాల మధ్య ఒప్పందాలు, చేపల వేట నిర్వహణ. వచ్చే సోమవారం లోపు పేరు ఇవ్వాలి. ఇవ్వకపోతే అందరితో పాటు పొలిటికల్ సైన్సే.

నాకు చాలా ఇష్టంగా ఉంది. ఇంట్లోనే ఒప్పుకోవడం లేదు. నాన్న ఫైబర్ పడవ మీద వేటకు వెళ్తారు. అమ్మ గంప నెత్తిన పెట్టుకుని బరంపురం వీధుల్లో చేపలమ్మి నన్ను చదివిస్తోంది. నిన్న ఈ సంగతి చెబితే అమ్మ ఒకటే మాట అంది. "సముద్రం నుంచి బయటపడతావని చదివిస్తుంటే మళ్ళీ సముద్రమే చదువుతానంటావేంటే?" నా దగ్గర జవాబు లేకపోయింది.

ఇంకో భయం. ప్లస్ టూలో నాది ఆర్ట్స్. సైన్సు పేపర్లు నా వల్ల అవుతాయా? ఉద్యోగాలు ఉంటాయా? వారం రోజులే టైముంది, చాలా టెన్షన్‌గా ఉంది.

---

ఇచ్ఛాపురం_మాస్టారు
సోమవారం, రాత్రి 10:05

అమ్మాయీ, నేను ముప్ఫై ఏళ్ళు జాగ్రఫీ చెప్పి రిటైరయ్యాను. మీ ఊరికీ మా ఊరికీ మధ్య 1936లో ఒడిశా సరిహద్దు గీత గీశారు గానీ, అంతకు ముందు అంతా ఒకే గంజాం జిల్లా. సముద్రానికైతే ఆ గీత ఇప్పటికీ తెలియదు.

సైన్సు పేపర్లకు భయపడకు. ఆ పాఠాల్లో సగం నీ కళ్ళ ముందు ఉన్నవే. మన తీరం వెంబడి నీరు ఏడాదిలో రెండుసార్లు దిశ మార్చుకుంటుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా దక్షిణం నుంచి ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉత్తరం నుంచి దక్షిణానికి. మీ నాన్నగారిని అడిగి చూడు, వల వేసేటప్పుడు అది లెక్కలోకి తీసుకుంటారో లేదో చెప్తారు. పుస్తకంలో దాన్నే తూర్పు భారత తీర ప్రవాహం అంటారు.

ఇంకొకటి. బంగాళాఖాతంలోకి గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి వచ్చి కలుస్తాయి. ఆ మంచినీరు తేలిక. ఉప్పునీటి మీద పాల మీద మీగడలా పరుచుకుంటుంది. కింది చల్లని నీరు పైకి రాకుండా ఆ పొర అడ్డుపడుతుంది, అందుకే వానాకాలం అయ్యాక కూడా పై నీరు వేడిగానే ఉండిపోతుంది. అక్టోబరు తుఫాన్లకు ఆ వేడే బలం. 2013 అక్టోబరు 12న మీ గోపాల్‌పూర్ దగ్గరే ఫైలిన్ తీరం దాటింది. ఏడాది తిరిగి సరిగ్గా అదే తేదీన విశాఖలో హుద్‌హుద్. 2018 అక్టోబరు 11న మా శ్రీకాకుళం మీద తిత్లీ. ఈ మూడూ అక్టోబరులోనే ఎందుకొచ్చాయో అర్థం చేసుకోవడానికి పెద్ద లెక్కలు అక్కరలేదు, ఓపిక చాలు.

ఇప్పుడు ఇసుక గురించి చెప్తాను, నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం అది. మన తూర్పు తీరంలో నైరుతి వైపు నుంచి వచ్చే అలలు ఒడ్డుకు ఏటవాలుగా తగులుతాయి. ప్రతి అల కొంచెం ఇసుకను ఎత్తి ఉత్తరం వైపు జరుపుతుంది. ఏడాది మొత్తం లెక్క తీస్తే ఇసుక ప్రయాణం ఎక్కువగా ఉత్తరానికే. ఆ దారికి అడ్డంగా ఎక్కడైనా రాతి గోడ కడితే దక్షిణం పక్క ఇసుక మేట వేస్తుంది, ఉత్తరం పక్క ఒడ్డు కోసుకుపోతుంది. అంటే ఒక ఊరిని కాపాడే గోడ పక్క ఊరిని తినేయవచ్చు. ఇంతవరకు సైన్సు. ఆ గోడ ఎక్కడ కట్టాలి, ఎవరిని అడిగి కట్టాలి, పక్క ఊరికి నష్టం ఎవరివ్వాలి అన్నది విధానం. ఈ రెండూ ఒకే మైనర్‌లో పెట్టారంటే ఆ సిలబస్ రాసినవారికి విషయం తెలుసు.

---

గోపాల్‌పూర్_గవ్వ
సోమవారం, రాత్రి 10:31

మాస్టారూ, మా పెద్దమ్మవాళ్ళది పొడంపేట. వాళ్ళ పాత ఇల్లు ఇప్పుడు సముద్రంలో ఉంది. చిన్నప్పుడు ఆ వాకిట్లో ఆడుకున్నాను. ఊరు వెనక్కి జరిగి కొత్త కాలనీకి వెళ్ళింది. రామయ్యపట్నంలో కూడా వీధులకు వీధులే పోయాయి. సముద్రానికి కోపం వచ్చిందని మా అమ్మమ్మ అంటుంది. ఇసుకకు ఒక దారి ఉంటుందని ఇప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు.

---

ఉప్పుగాలి
మంగళవారం, ఉదయం 7:20

నేను కొంచెం కటువుగా చెప్తాను చెల్లీ, ఏమీ అనుకోకు.

నేను ఓషనోగ్రఫీలో ఎం.ఎస్సీ. చేశాను. చాలా ఇష్టపడి చేశాను. తర్వాత ఆరేళ్ళు ప్రాజెక్టు ఉద్యోగాలు. ఒక ప్రాజెక్టు రెండేళ్ళు, ఇంకోటి పద్దెనిమిది నెలలు. ప్రాజెక్టు అయిపోగానే జీతం ఆగిపోతుంది. మధ్యలో ఒకసారి ఒక సంస్థలో నాలుగు నెలల జీతం రాలేదు, నాన్నను డబ్బు అడగాల్సి వచ్చింది. చివరికి బ్యాంకు పరీక్ష రాసి ఇప్పుడు గంజాం జిల్లాలో ఉన్నాను.

కాబట్టి నీకు తెలియాల్సినవి చెప్తున్నాను. ఒకటి, మైనర్ చేసినంత మాత్రాన ఎం.ఎస్సీ. ఓషనోగ్రఫీకి అర్హత రాదు. చాలా చోట్ల డిగ్రీలో ఫిజిక్సు, మ్యాథ్స్ లాంటివి అడుగుతారు. మత్స్య శాస్త్రంలో ఎం.ఎఫ్.ఎస్సీ.కి బి.ఎఫ్.ఎస్సీ. ఉండాలి. అంటే ఎకనామిక్స్ బి.ఏ.తో నువ్వు రేపు సముద్ర శాస్త్రవేత్తవి కాలేవు. కాలేజీవాళ్ళు అడ్మిషన్ల కోసం ఈ మాట చెప్పకపోవచ్చు. రెండు, పరిశోధన వైపు వెళ్ళినవాళ్ళకు కూడా దారి పొడవు. పరిశోధన కోసం రాసే సీ.ఎస్.ఐ.ఆర్. నెట్ పరీక్షలో భూమి, వాతావరణం, సముద్రం, గ్రహాలు అన్నీ కలిపి ఒకే పేపరు. అందులో జే.ఆర్.ఎఫ్. (పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకు 37,000. అది వచ్చేవాళ్ళు కొద్దిమందే.

మీ అమ్మగారు అన్న మాటలో తప్పు లేదు. ఆవిడ గంప బరువు ఆవిడకే తెలుసు.

---

బరంపురం_పట్టు
మంగళవారం, ఉదయం 9:48

ఉప్పుగాలి గారి మాట నిజమే. మా వీధిలో కూడా పిల్లలు ఏవేవో కొత్త కోర్సులు చదివి మళ్ళీ బ్యాంకు కోచింగ్‌కే వస్తున్నారు. అయినా 200 మైళ్ళ దాకా సముద్రం మన దేశానిదే కదా, అంత సముద్రానికి ఉద్యోగాలే ఉండవా అని నా సందేహం.

---

నల్లకోటు
మంగళవారం, మధ్యాహ్నం 1:15

పట్టు గారూ, అక్కడ చిన్న సవరణ. 200 నాటికల్ మైళ్ళ దాకా సముద్రం "మనది" కాదు, అక్కడి చేపలు, ఖనిజాల మీద హక్కు మాత్రమే మనది. ఒక నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు, కాబట్టి దాదాపు 370 కిలోమీటర్ల దూరం. దాన్ని సముద్రంలో మన ప్రత్యేక ఆర్థిక మండలం (ఈ.ఈ.జెడ్.) అంటారు. వేరే దేశం ఓడ దాని గుండా పోతే ఆపలేం. ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్ళ వరకు, అంటే 22 కిలోమీటర్ల చిల్లర వరకు మాత్రమే మన ప్రాదేశిక జలాలు. మన దేశం 1976లోనే దీనికి చట్టం చేసింది. 1982 ఐక్యరాజ్య సమితి సముద్ర చట్ట ఒప్పందానికి 1995లో ఆమోదం తెలిపింది.

గవ్వా, నేను ఛత్రపురం కోర్టులో ప్రాక్టీస్ చేస్తున్నాను. మత్స్యకారుల కేసులు కొన్ని చూశాను, అందుకే రాస్తున్నాను. రాజ్యాంగం ప్రకారం ప్రాదేశిక జలాల లోపల చేపల వేట రాష్ట్రం చేతిలో ఉంటుంది, బయట కేంద్రం చేతిలో. అందుకే ఒడిశాకు 1982 నాటి సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం వేరు, ఆంధ్రకు 1994 నాటిది వేరు. ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే సముద్ర తాబేళ్ళ కోసం ఏటా నవంబరు 1 నుంచి మే 31 దాకా ఋషికుల్య, దేవి, ధామ్రా మొగల (నది సముద్రంలో కలిసే చోట్ల) దగ్గర 20 కిలోమీటర్ల లోపల పెడుతున్న నిషేధం నీకు తెలిసిందే. ఆ 20 కిలోమీటర్లూ 12 నాటికల్ మైళ్ళ లోపలే ఉన్నాయి చూడు. దాని మీద ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరం మొత్తానికీ కేంద్రం పెట్టే వేట నిషేధం. రెండు నిషేధాలు, రెండు ప్రభుత్వాలు, రెండు కారణాలు. ఇచ్ఛాపురం పడవ ఒకటి ఉత్తరానికి వచ్చి ఈ హద్దులోకి దూరితే ఏ చట్టం, ఎవరు పట్టుకుంటారు, జరిమానా ఎవరు వేస్తారు అన్నది మా దగ్గర నిజంగా తలెత్తే ప్రశ్న. ఆ కేసుల్లో తాబేలు గురించి గానీ, ప్రవాహం గురించి గానీ తెలిసిన వకీలు నాకు దాదాపు ఎదురుపడలేదు. నాకూ తెలియదు. నేర్పే మైనర్ మా రోజుల్లో ఉంటే వదిలేవాణ్ణి కాదు.

నీది ఎకనామిక్స్ కాబట్టి ఒకటి చెప్తాను, సెలవుల్లో చదువుకో. రొయ్యల ట్రాలు వలల్లో తాబేళ్ళు చిక్కి ఊపిరాడక చచ్చిపోతున్నాయని, వలకు తాబేలు తప్పించుకునే చట్రం పెట్టని దేశాల రొయ్యలు కొనబోమని అమెరికా నిషేధం పెట్టింది. భారత్, మలేషియా, పాకిస్తాన్, థాయిలాండ్ కలిసి జెనీవాలోని ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేశాయి. 1998లో తీర్పు వచ్చింది. తాబేళ్ళను కాపాడాలన్న ఉద్దేశం సరైనదే, కానీ దాన్ని అమలు చేసిన తీరులో దేశాల మధ్య వివక్ష ఉందని. కరీబియన్ దేశాలకు ఎక్కువ గడువూ సాయమూ ఇచ్చి మనవాళ్ళకు ఇవ్వలేదు. మీ ఊరి ఒడ్డున గుడ్లు పెట్టే జంతువు జెనీవా దాకా వెళ్ళింది. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుందన్న జీవశాస్త్రం, ఎగుమతుల ఆర్థికశాస్త్రం, ఒప్పందాల చట్టం, మూడూ ఒకే కేసులో.

---

పెద్దవల
మంగళవారం, రాత్రి 8:40

నేను ఆర్జిపల్లి నుంచి. పదో తరగతితో ఆపేశాను, మా పడవ మీద మేం ఐదుగురం. మా వాడలో అందరూ తెలుగువాళ్ళమే, ఒడియావాళ్ళు మమ్మల్ని నోళియాలు అంటారు.

పాలసీ అంటే మాకు తెలిసింది ఒకటే, నిషేధం. నవంబరు నుంచి తాబేళ్ళ నిషేధం, వేసవిలో గుడ్లు పెట్టే చేపల నిషేధం. మధ్యలో తుఫాను హెచ్చరికలు. తాబేలు మీద మాకు కోపం లేదు, మేం దాన్ని కూర్మావతారం అని మొక్కుతాం. వలలో పడితే విప్పి వదిలేస్తాం, వల తెగితే తెగింది. కానీ ఆ నిషేధం ఎంత దూరం, ఎన్ని నెలలు అని రాసేటప్పుడు మా వాడలో ఎవరినైనా అడిగారా? మీటింగు పెట్టినప్పుడు కాగితాలు ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. మా పెద్దలు వేలిముద్ర వేసి, టీ తాగి వచ్చేస్తారు. బయటికొచ్చాక ఏం మాట్లాడారు అంటే ఎవరూ చెప్పలేరు.

చెల్లీ, నువ్వు ఆ చదువు చదివి శాస్త్రవేత్త కాకపోయినా నాకు పర్లేదు. ఆ మీటింగులో కూర్చుని ఆ కాగితం చదివి, ఇది తప్పు అని మూడు భాషల్లో చెప్పగలిగే మనిషి మా వాడలో ఒక్కరు కావాలి. ఇంతకాలం అలాంటివారు లేక మేం నష్టపోయాం. ఉప్పుగాలి అన్న చెప్పింది కాదనను, నీ పొట్ట కూడా నువ్వు చూసుకోవాలి.

---

ప్రగతినగర్_అక్క
మంగళవారం, రాత్రి 11:02

నేను హైదరాబాద్‌లో సముద్ర సమాచారం మీద పని చేస్తాను. మాది సోంపేట. చిన్నప్పుడు బరంపురం వచ్చి బట్టలు కొనుక్కునేవాళ్ళం.

సముద్రం లేని హైదరాబాద్‌లోనే ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) ఉందంటే చాలామందికి ఆశ్చర్యం. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత దేశానికి హెచ్చరిక కేంద్రం కావాలనుకున్నారు, 2007లో అక్కడే మొదలైంది. చేపలు ఎక్కడ దొరకవచ్చో చెప్పే సమాచారం కూడా అక్కడి నుంచే వస్తుంది. అదేమీ మాయ కాదు. ఉపగ్రహం నుంచి నీటి వేడి, నీటి రంగు చూస్తారు. నీటి రంగును బట్టి అందులో సూక్ష్మమైన మొక్కలు ఎంత ఉన్నాయో తెలుస్తుంది. చల్లని నీరూ వెచ్చని నీరూ కలిసే అంచున ఆ మొక్కలు పెరుగుతాయి, వాటి కోసం చిన్న చేపలు, చిన్న చేపల కోసం పెద్ద చేపలు. పెద్దవల తమ్ముడూ, మీ తాత నీటి రంగు చూసి, పక్షులు వాలిన చోటు చూసి వల వేసేవారు కదా. ఉపగ్రహం చేసేది కూడా అదే పని, కాకపోతే ఇంకా ఎత్తు నుంచి.

గవ్వా, ఇక్కడే ఎకనామిక్స్ అవసరం. ఆ సమాచారం అందుకున్న పడవకు డీజిల్ ఎంత మిగిలింది? అందరూ ఒకే చోటికి పోతే ఆ చేప నాలుగేళ్ళ తర్వాత ఉంటుందా? ఎవరి ఫోనుకు సమాచారం చేరుతోంది, ఎవరికి చేరడం లేదు? ఇవి ఫిజిక్సు చదివిన నేను జవాబు చెప్పలేని ప్రశ్నలు. మా పక్కన ఎకనామిక్స్ తెలిసినవాళ్ళు, సముద్రం భాష కొంచెమైనా అర్థమయ్యేవాళ్ళు కావాలి. అలాంటివాళ్ళు తక్కువ. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థలో ఎకనామిక్స్ కూడా చూసే విభాగం ఉంది.

ఉప్పుగాలి గారి హెచ్చరిక మాత్రం తీసిపారేయకు. నీ మేజర్ నీ అన్నం. ఎకనామిక్స్‌లో స్టాటిస్టిక్స్, ఎకనామెట్రిక్స్ గట్టిగా నేర్చుకో. కంప్యూటర్‌లో డేటా చూసే ఒక భాష నేర్చుకో, ఆర్ అయినా పైథాన్ అయినా సరే. కాలేజీలో చెప్పకపోతే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక 'స్వయం'లో కోర్సులున్నాయి. వాటి క్రెడిట్లు మీ కాలేజీ కలుపుకుంటుందో లేదో ముందే అడుగు.

ఇంకో మాట. 2020లో యునెస్కో సముద్ర కమిషన్ "సునామీకి సిద్ధం" అని మన దేశంలో మొదట గుర్తించిన రెండు ఊళ్ళూ ఒడిశావే. ఒకటి జగత్‌సింగ్‌పూర్ జిల్లా నోళియాసాహి, రెండోది మీ గంజాం జిల్లాలోని వెంకటరాయిపూర్. ఆ ఊళ్ళో పారిపోవాల్సిన దారి మ్యాపులు గీశారు, బోర్డులు పెట్టారు, అందరితో డ్రిల్లు చేయించారు. నీకు బస్సు దూరంలో ఉంది. ప్రాజెక్టుకు వేరే టాపిక్ వెతుక్కోనక్కరలేదు.

---

రంగైలుండ_ఫిషరీస్
బుధవారం, ఉదయం 6:55

నేను ఇక్కడి ఫిషరీస్ కాలేజీలో బి.ఎఫ్.ఎస్సీ. చేశాను. కాలేజీలో పేరు ఇచ్చే ముందు ఒక్క విషయం అడుగు తల్లీ. ప్రాక్టికల్ ఎన్ని గంటలు? యూ.జీ.సీ. లెక్కలో ఒక క్రెడిట్ అంటే పాఠమైతే 15 గంటలు, ప్రాక్టికల్ అయితే 30 గంటలు. 32 క్రెడిట్లూ నల్లబల్ల మీదే అయితే అది సముద్ర శాస్త్రం కాదు. నీటి ఉప్పదనం కొలిచే పరికరం ఉందా? పడవ ఎక్కిస్తారా? చిలికకు తీసుకెళ్తారా?

చిలిక గురించి చెప్పకుండా ఉండలేను. మన దేశంలోనే అతి పెద్ద ఉప్పునీటి సరస్సు, కొంత భాగం మన గంజాం జిల్లాలో ఉంది. 1981లోనే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకు ఎక్కింది. తర్వాత సముద్రానికి కలిసే మొగ పూడుకుపోయింది. ఉప్పు తగ్గింది, గుర్రపుడెక్క, నాచు పెరిగాయి, చేపలు పడిపోయాయి. 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాలో పెట్టారు. కొలతలు తీసి, నమూనాలు కట్టి లెక్కలు వేసి, 2000 సెప్టెంబరులో కొత్త మొగ తవ్వారు. ఉప్పునీరు వచ్చింది, చేపలూ రొయ్యలూ పీతలూ తిరిగొచ్చాయి. 2002లో ఆ జాబితా నుంచి చిలికను తీసేశారు, రామ్‌సర్ అవార్డు కూడా వచ్చింది. ఇది ఒక సగం. 1996లో సుప్రీంకోర్టు చిలిక, పులికాట్ సరస్సుల చుట్టూ వెయ్యి మీటర్ల లోపల రొయ్యల చెరువులు ఉండకూడదని తీర్పు చెప్పింది. ఇది రెండో సగం. మొగ తవ్వినంత సులువుగా ఆ తీర్పు నడవలేదు. వెదురు గడలు పాతి వలలు కట్టి రొయ్యలు పెంచడం మీద గొడవలు ఆ తర్వాత కూడా ఎన్నో ఏళ్ళు నడిచాయి. ఇసుక యంత్రానికి లొంగుతుంది. మనుషుల మధ్య పంపకం తేలాలంటే ఎకనామిక్స్ కావాలి, చట్టం కావాలి.

నాకు అప్పట్లో చేప జాతుల పేర్లు నేర్పారు, జబ్బులు నేర్పారు. ఒక్క చట్టం నేర్పలేదు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే ఆ లోటు తెలిసింది.

---

ఉప్పుగాలి
బుధవారం, మధ్యాహ్నం 2:10

నా మొదటి పోస్టు మళ్ళీ చదువుకున్నాను. వద్దని చెప్పాలని కాదు నా ఉద్దేశం. మేజర్ వదిలేసి ఇదే పట్టుకుంటావేమోనని భయపడ్డాను.

ఇంకొకటి రాయాలనిపించింది. నేను సముద్రం మీద గడిపిన రోజులు నా జీవితంలో మంచి రోజులు. ఓడ మీద అర్ధరాత్రి నీటి నమూనా సీసాలు పైకి లాగేవాళ్ళం. 800 మీటర్ల లోతు నుంచి వచ్చిన సీసా చేత్తో పట్టుకుంటే మంచులా ఉండేది. పైన మాకు చెమటలు. బంగాళాఖాతం కింద అంత చలి ఉందని పుస్తకంలో చదివాను గానీ ఆ సీసా పట్టుకున్నాకే తెలిసింది. ఇప్పుడు బ్యాంకులో మత్స్యకారుల లోన్ల ఫైళ్ళు నా టేబుల్‌కే వస్తాయి. నిషేధం నెలల్లో కిస్తీ ఎలా కడతారు అని అడిగేది మా బ్రాంచిలో నేనొక్కడినే. ఆ చదువు ఊరికే పోలేదు.

---

గోపాల్‌పూర్_గవ్వ
శుక్రవారం, రాత్రి 9:30

అన్నలూ, అక్కా, మాస్టారూ, అందరివీ రెండేసిసార్లు చదివాను. నాన్నకు చదివి వినిపించాను, ఆయనకు తెలుగు చదవడం రాదు.

ఇవాళ కాలేజీకి వెళ్ళి రంగైలుండ అన్న చెప్పినవి అడిగాను. 32 క్రెడిట్లలో 8 ప్రాక్టికల్. సొంత పరికరాలు ఇంకా రాలేదు, పక్క సంస్థల ల్యాబులతో మాట్లాడుతున్నామన్నారు. చిలికకు రెండు రోజులు, ఋషికుల్య మొగకు ఒక రాత్రి. ఎం.ఎస్సీ. ఓషనోగ్రఫీకి అర్హత వస్తుందా అని సూటిగా అడిగితే, రాదు అని సారు కూడా సూటిగానే చెప్పారు. ఆ మాటతో ఆయన మీద నమ్మకం కుదిరింది. స్వయం కోర్సుల క్రెడిట్లు కలుపుతారట, స్టాటిస్టిక్స్ అలా చేస్తాను.

నాన్నను ప్రవాహం గురించి అడిగాను మాస్టారూ. అడగగానే లేచి కూర్చున్నారు. ఏ నెలలో నీరు ఎటు లాగుతుంది, ఎటు లాగితే ఏ చేప పడుతుంది, కోనెం ఎప్పుడు, చందువా ఎప్పుడు, కవళ్ళు ఎప్పుడు, గంటసేపు చెప్పారు. నేను నోటుబుక్కులో రాసుకున్నాను. మీరు చెప్పిన నెలలకూ ఆయన చెప్పిన నెలలకూ ఒక పది పదిహేను రోజులే తేడా. "ఇదంతా పుస్తకంలో ఉందా?" అని అడిగారు. కొంత ఉంది, కొంత లేదు అన్నాను.

అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. కానీ పెద్దవల అన్న మీటింగు గురించి రాసింది వినిపించినప్పుడు గంప కడుగుతున్న చేయి ఆపింది. కిందటేడు ఒక మీటింగులో అమ్మ కూడా వేలిముద్ర వేసిందట. దేనికి వేసిందో ఇప్పటికీ తెలియదు. ఆ సంగతి ఇన్నాళ్ళూ మాకెవరికీ చెప్పలేదు. "పొలిటికల్ సైన్స్ అయితే ఆ కాగితం చదవగలవా?" అని అడిగింది. చదవగలను గానీ అందులో నీరు, ఇసుక, చేప గురించి రాసింది నిజమో కాదో చెప్పలేను అన్నాను. ఇంకేమీ అనలేదు.

సోమవారం పేరు ఇస్తున్నాను. అమ్మను ఋషికుల్యకు తీసుకెళ్ళాలని ఉంది. ఇంత దగ్గరున్నా తాబేలు పిల్లలు సముద్రంలోకి వెళ్ళడం ఆమె ఒక్కసారీ చూడలేదట, ఆ వేళకు బరంపురం బజారులో ఉండేది.

---

పెద్దవల
శుక్రవారం, రాత్రి 10:15

చాలా సంతోషం చెల్లీ. ఈసారి గుడ్లు పెట్టిన రాత్రి నుంచి రోజులు లెక్కపెట్టుకో, 45 నుంచి 50 రోజుల మధ్య పిల్లలు బయటికొస్తాయి. పురుణబంధ వైపు రండి, మా బావమరిది అక్కడ ఒడ్డున కాపలా తిరుగుతాడు, వచ్చే ముందు చెబితే ఉంటాడు.

---

రంగైలుండ_ఫిషరీస్
శుక్రవారం, రాత్రి 10:40

కొన్నేళ్ళు అవి గుంపుగా రానే రావు, రాకపోతే నిరాశపడకండి. 2023లో ఆరు లక్షలకు పైగా వచ్చి గుడ్లు పెట్టాయి. గూటి ఇసుక వేడిని బట్టి పిల్ల ఆడో మగో తేలుతుంది, వేడి ఎక్కువైతే ఆడపిల్లలే ఎక్కువ. వెళ్ళినప్పుడు ఇసుకలో వేడి కొలిచి రాసుకో, నీ మొదటి ప్రాక్టికల్ అదే అవుతుంది.

ఫోను లైటు మాత్రం వేయకండి. పిల్లలు వెలుగు ఎటుంటే అటు పోతాయి, ఊరి దీపాలు చూసి దారి తప్పి రోడ్డెక్కుతాయి. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకుని రండి. పిల్లలు పైకొచ్చేది చల్లబడ్డాక, ఎక్కువగా రాత్రిపూటే. అమ్మగారు బజారు నుంచి వచ్చాకే బయల్దేరవచ్చు.

---

గోపాల్‌పూర్_గవ్వ
శుక్రవారం, రాత్రి 10:52

ఎర్ర కాగితం ఇంట్లో ఉంది అన్నా, నాన్న పడవ పూజకు తెచ్చింది. అదే చుట్టుకుని వస్తాం.